ఒక చాయ్, రెండు కప్పులు

చిక్కడపల్లి ఇరానీ హోటల్లో ఆ సాయంత్రం ఖాళీ కుర్చీ లేదు. కాకినాడ నుంచి వచ్చిన నాకు ఓ పెద్దాయన తన బల్ల దగ్గర చోటిచ్చారు. నన్ను అడగకుండానే "వన్ బై టూ" అని కేకేశారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో టీ పంచుకోవడం మాకు అలవాటు లేదన్నాను.

"గంత పరేషాన్ ఎందుకు? నేను పాకిస్తాన్ సిపాయితోనే పంచుకున్న," అన్నారాయన.

డెబ్బై ఒకటి యుద్ధం తర్వాత ఆయన ఉత్తరాదిన యుద్ధఖైదీల క్యాంపుకు కాపలా ఉన్నారట. ఓ పొద్దున ఖైదీ ఒకడు పారిపోయాడు. వెతుకుతూ వెళ్తే, రోడ్డు పక్క టీకొట్టులో చలికి వణుకుతూ దొరికాడు. కొట్టులో ఒక్క టీకి సరిపడా పాలే మిగిలాయి. మన పెద్దాయన హైదరాబాదీ కదా, రెండు కప్పులు అడిగారు. సమంగా పోయాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని తుపాకీ తీసి బల్లకు ఆనించారు, సరిగ్గా ఖైదీ పక్కన!

"అయ్యో, లాక్కున్నాడా?"

"తుపాకీ దిక్కు సూసిండు. నా దిక్కు సూసిండు. కప్పుల దిక్కు సూసిండు. 'భాయ్, నీ దాంట్ల ఎక్కువుంది' అన్నడు. మార్చుకున్నం. తాగి, ఇద్దరం క్యాంపుకు నడిచినం."

ఇంతలో మా చాయ్ వచ్చింది. పెద్దాయన ఎంతో శ్రద్ధగా రెండు కప్పుల్లో పోశారు. ఆయన కప్పులో రెండు గుక్కలు ఎక్కువే ఉంది.

నా పక్కన తుపాకీ లేదు. అయినా ధైర్యం చేసి కప్పులు మార్చేశాను.