సగం నవలతో తార్నాక నుంచి

కాజీపేటలో ఉదయం ఆరున్నరకు ప్యాసింజర్ ఎక్కాను. సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు ముందు పెట్టెల జోలికి పోకండి, ఊపిరాడదు. నా సంచిలో బట్టలకంటే బరువైనది ఒక నవల, చీకటి రాజ్యంలో ఇద్దరు అన్నదమ్ముల కథకు రెండో భాగం. అన్న అబద్ధాలకోరు, తమ్ముడు కోపమొస్తే మనిషి కాడు. మొదటి భాగం నేనూ మా తమ్ముడు శేఖరూ పోటీపడి చదివాం. ఉద్యోగ పరీక్షలకని వాడు తార్నాక వైపు ఉంటున్నాడు. మొన్న మళ్లీ తప్పాడు. అప్పటినుంచి ఫోనెత్తడం లేదు. పుస్తకం వంకతో వాణ్ని ఇంటికి తెద్దామని బయల్దేరాను.

"గంత లావున్నది, ఏం కథ బిడ్డా?" అంది ఎదురు సీటు పెద్దావిడ.

"ఇద్దరు అన్నదమ్ములదమ్మా."

"భూముల పంచాయితా?"

"దయ్యాల పంచాయితి."

"గదైతే నయం," అని కళ్లు మూసుకుంది.

సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కితే తార్నాక రెండో స్టేషనే. అక్కడే టిఫిన్ చేసి వెళ్లడం మేలు, శేఖర్ చదువుకునే లైబ్రరీకి యూనివర్సిటీ లోపల చాలా నడవాలి. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. శేఖర్ లైబ్రరీ బయట చెట్టుకింద సొంత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ అలాంటి కుర్చీలే, అందరి చేతుల్లో గైడ్లు. వాడి చేతుల్లో ఏమీ లేదు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు.

ఇక్కడి పిల్లలు లావు గైడు కొంటే బ్లేడుతో కుట్టు దగ్గర కోసి పంచుకుంటారు. ఇద్దరం ఒకేసారి చదవాలని మా నవలనూ శేఖర్ అట్లాగే కోశాడు. మొదటి సగం వాడికిచ్చాను.

"అది నువ్వే ఉంచుకో. నాకు రెండోదియ్యి."

"ముందుది చదవకుంటే ఎట్ల సమజైతది?"

"ఆఖరుకేమైతదో తెలిస్తే చాలన్నా."

ఇంటికి రమ్మంటే "చూస్త" అన్నాడు. మధ్యాహ్నం మాణికేశ్వర్ నగర్‌లో వాడి గది పక్కనున్న మెస్‌లో తిన్నాం. నేను తిన్నాను, వాడు అన్నం కెలికాడు. సాయంత్రం నాతో సికింద్రాబాద్ దాకా వచ్చాడు. "పైలం" అన్నాడు, బండి కదిలేదాకా నిలబడ్డాడు. ఎప్పుడైనా మెట్రో మెట్ల దగ్గరే చేయి ఊపి పోయే రకం.

కిటికీ పక్క సీటు దొరికింది. మొదటి సగం తెరిచాను. గుహ ముందు తమ్ముడు "నువ్వు వెళ్లు, నేనొస్తా" అంటాడు. అన్న నమ్మినట్టు నటించి గుర్రమెక్కుతాడు. ఇక పేజీలనిండా సర్దిచెప్పుకోవడమే, తమ్ముడు పెద్దవాడయ్యాడని, తనకు వేరే పనులున్నాయని. రచయిత ఆ అన్నను ఒక్క మాటా అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. తిట్టుకుంటూనే చదువుతున్నాను, మౌలాలి దాటింది. రేపు పొద్దున డ్యూటీ ఉంది, శేఖర్ మాత్రం చిన్నపిల్లాడా, తీరిగ్గా ఫోన్ చేద్దాం అని నేనూ అప్పటికే అనుకుని ఉన్నాను. భయమేసింది.

ఘట్‌కేసర్‌లో దిగిపోయాను. అక్కణ్నుంచి ఉప్పల్ మీదుగా తార్నాకకు బస్సులో రావచ్చు. బస్టాపులో నిలబడి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. మళ్లీ.

"ఏందన్నా, ఇల్లు చేరినవా?"

"లేదు. వెనక్కొస్తున్న. నీ రూముకే."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"మెస్ బందయితది," అన్నాడు. "జల్ది రా."