చేతితో చూసి కొన్న డేరా

మా వ్యాను వెనక సీటు పీకించి, ఆ చోట ప్లైవుడ్ పలక వేయించిన రోజు వాడకట్టులో సగం మంది వచ్చి చూసిపోయారు. ఇంట్లో పండుకోవడానికి జాగ లేదా అని ఒకామె అడిగింది. జాగకు కొదవేం లేదు. మగ్గం తీసేశాక ముందు గది మొత్తం ఖాళీయే. ఆ ఖాళీని చూడలేకనే ఈ తంటా పెట్టుకున్నానని ఆమెకు చెప్పలేదు.

నా భర్త నలభై ఏళ్లు జంపఖానాలు నేశాడు. నేను కండెలు చుట్టాను. సరుకు దుకాణాలకు చేరవేయడానికి మనిషి దొరక్క, నలభై ఐదో ఏట బండి నడపడం నేర్చుకున్నాను. ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకుంటానని ఎప్పుడూ అనలేదు. ఏడాది కింద ఆయన మోకాళ్లు గుంత మగ్గంలోకి దిగనివ్వడం మానేశాయి. మగ్గం విప్పించి అటక మీద పెట్టించాం. ఆ రోజు నుంచి ఆయన గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. టీవీ నడుస్తుంటుంది కానీ ఆయన చూడడు. ఏమైందని అడిగితే ఏం కాలేదంటాడు. ఈ మనిషి ఇట్లాగే కూర్చుని కూర్చుని ఒకరోజు అయిపోతాడేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఒక జంట వ్యానులోనే వండుకుంటూ, పడుకుంటూ దేశం తిరిగే వీడియోలు నాకు ఫోన్‌లో దొరికింది ఆ రోజుల్లోనే. పడమటి సముద్రం ఒడ్డున బండి ఆపి, వాళ్లు పొద్దు నీళ్లలో మునగడం చూస్తున్నారు. మన వైపు సముద్రంలో పొద్దు పుడుతుందే గానీ మునగదు. అది చూడాలని నాకు పట్టుకుంది.

"కొంకణం దాకా పోదాం. బండి ఉన్నది, నడపటానికి నేనున్న," అన్నాను.

"గాడ ఏమున్నది?"

"సముద్రం."

"నీళ్లే గదా," అన్నాడు.

నేనొక్కదాన్నే పోతానని బెదిరించాను. అది ఒట్టి మాట. ఎంత దూరమైనా నడపగలను గానీ, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని అంత దూరం పోయే గుండె నాకు లేదు. నా పోరు పడలేక చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. ముందు దగ్గర్లో ఎక్కడన్నా ఒక్క రోజు ఉండి చూద్దాం. బాగుంటే సముద్రం. బాగా లేకపోతే పలక పీకించి సీటు పెట్టించాలి, మళ్లీ ఆ ఊసు ఎత్తకూడదు. సరేనన్నాను.

వంట సామాను నా రాజ్యం. వీడియోల్లో వాళ్ల దగ్గర ఒకదానిలో ఒకటి ఇమిడే తళతళలాడే గిన్నెలున్నాయి, మడత పెట్టే చెంచాలున్నాయి. మడిచిన చెంచాతో పప్పు ఏం కలుపుతాను? మూడు లీటర్ల కుక్కరు, దాని మీద మూతగా సరిపోయే పళ్లెం, సర్వపిండికి అడుగు మందంగా ఉన్న ఒక గిన్నె, చిన్న సిలిండర్ మీద కూర్చునే ఒంటి పొయ్యి. ఇంతే. నీళ్ల డబ్బాకు మాత్రం కుళాయి ఉన్నదే కొన్నాను, నడుము వంచి డబ్బా ఒంపే వయసు కాదు. సామాన్లన్నీ పలక కింద పెట్టి వాడకట్టు గతుకుల్లో బండి తిప్పాను. గిన్నెలు మోగిన చోటల్లా పాత జంపఖానా ముక్కలు కుక్కాను.

చిక్కంతా పడకతోనే. పలక మీద ఒక్కరే పడతారు. ఆయన మోకాళ్లకు వ్యానులో వంగి దూరడం కుదరదు. బండి పైకప్పు మీద తెరుచుకునే డేరాలున్నాయి గానీ, వాటికి నిచ్చెన ఎక్కాలి, పైగా వాటి ధర మా బండి ధరను మించిపోయింది. కాబట్టి బండి పక్కన నిలబెట్టే డేరా, అదీ ఆయన తల వంచకుండా లోపలికి నడిచేంత ఎత్తుది కావాలి.

హనుమకొండలో ఆటసామాన్ల దుకాణానికి తీసుకుపోయాను. అక్కడి అబ్బాయి నైలాన్ డేరాను రెండు నిమిషాల్లో నిలబెట్టాడు, పైన సీసాడు నీళ్లు కుమ్మరించాడు, లోపల చుక్క పడలేదని చూపించాడు. నాకు నచ్చింది. మా ఆయన మాత్రం పుల్లలు చూడలేదు, జిప్పు చూడలేదు. అంచు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి రుద్దాడు.

"గిది బట్టనేనా?" అని అడిగాడు.

"టెంట్ అంకుల్. వాటర్ ప్రూఫ్."

"ముట్టుకుంటే జారిపోతాంది," అని బయటికి నడిచాడు.

అక్కడి నుంచి ధాన్యం మార్కెట్ దగ్గర లారీ పట్టాలు, షామియానాలు కుట్టే దుకాణానికి పోయాం. మూలన చుట్టి పెట్టిన నూలు కాన్వాసు తాను ఆయనకు కనిపించింది. విప్పించి, వెలుతురుకు పట్టి, గోటితో పోగులు లెక్కపెట్టాడు. అరచేతితో ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరాడు. ఏడాదిలో ఆయన ముఖంలో అంత ఆసక్తి చూడలేదు.

"కాకా, గిది బరువైతది. తడిస్తే ఎండుటానికి దినమంత పడ్తది," అన్నాడు దుకాణాయన.

"బరువు బండి మోస్తది. నేత మంచిగున్నది. ఎవడో పని తెలిసినోడు నేసిండు."

నాకు ఒళ్లు మండింది. డేరా కొనేటప్పుడు దాన్ని నేసినవాడితో మనకేం పని? గాలికి నిలుస్తుందా, మడిస్తే బండిలో పడుతుందా చూడాలి గానీ. కానీ ఆయన అంత సేపు మాట్లాడి ఎన్నాళ్లైంది. నోరు మూసుకుని అదే కుట్టమన్నాను.

దసరా పోయాక పాలంపేట వైపు బయలుదేరాం. తమ ఇంట్లో పెళ్లికి మా దగ్గర జంపఖానాలు కొన్న రైతు ఒకాయన తన పొలం పక్క కళ్లంలో ఉండమన్నాడు. వరి ఇంకా కోతకు రాలేదు, కళ్లం ఖాళీగానే ఉంది. మధ్యాహ్నానికి డేరా నిలబడింది. అరగంట మేకులు కొట్టింది నేను. ఆయన గుడ్డ ముడతలు సరిచేస్తూ చుట్టూ తిరిగాడు.

మూడింటికి మబ్బు కమ్మింది. వ్యాను వెనక తలుపు పైకెత్తి, దాని కింద పొయ్యి పెట్టి కిచిడీ వండాను. మూడో కూతకు వాన దిగింది. కుక్కరు పట్టుకుని డేరాలోకి ఉరికాను. మొదట్లో సన్నని తుంపర లోపలికి రాలింది, కాసేపట్లో అదీ ఆగిపోయింది. బయట దంచి కొడుతోంది, లోపల చుక్క లేదు. ఇద్దరం పళ్లేల ముందు కూర్చున్నాం. గెలిచేశానని లోలోపల అనుకున్నాను.

పక్కనున్న గుడ్డను నిమురుతూ కూర్చున్న ఆయన భుజం మీద ఒక చుక్క పడింది. తల ఎత్తి, చుక్క రాలిన చోట గుడ్డను వేలితో తడిమి చూశాడు. అక్కడి నుంచి ధార కట్టింది. ఇంకో చోట తడిమాడు, అక్కడా మొదలైంది. ఆయన తడిమినకొద్దీ నా పళ్లెంలో పడింది, పరుపు మీద పడింది. కుట్టినవాణ్ని తిట్టాను, నైలాన్‌ది కొననివ్వనందుకు ఆయన్నీ తిట్టాను. ఇక పలక పీకించాలి. ఆయన మళ్లీ ఆ గోడకు ఆనుకుంటాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన మాత్రం పైకే చూస్తున్నాడు.

"కుట్టుకాడ కారుతలేదే. కుట్లన్ని మంచిగనే ఉన్నయి," అన్నాడు. "నేను ఏలు పెట్టిన కాడనే కారుతాంది."

నేను చూశాను. నిజమే.

"నూలు తడిస్తే ఉబ్బుతది. పోగుకు పోగు అతుక్కుంటది, సందుండదు. నీళ్లు పైపైన్నే జారిపోతయి. లోపలికెల్లి ఏలు పెట్టినవనుకో, దానికి దారి చూపించినట్టే. ఏలెంబడి దిగొస్తది. గింత చిన్న సంగతి నాకు తట్టలే చూడు. మగ్గం మీద తడి బట్టను ఎన్నడు చూసిన గనుక."

లేచాడు. కారుతున్న చోట బొటనవేలు ఆనించి, గుడ్డ వెంబడే కింది దాకా మెల్లగా గీత గీశాడు. చుక్కలు పడడం ఆగి, నీళ్లు ఆ గీత వెంట అంచుకు జారాయి. రెండోది గీశాడు, మూడోది గీశాడు. ఒక్కో గీతకూ నీళ్లు ఎటు పోతున్నాయో నాకు చూపించాడు. కిచిడీ చల్లారిపోయింది. మోకాళ్ల సంగతి ఇద్దరం మరిచిపోయాం.

తర్వాత కూర్చుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఎడమ చెయ్యి మళ్లీ పైకి లేచింది. గుడ్డకు బెత్తెడు దూరంలో ఉండగా తనే చూసుకుని కిందికి దించాడు. కాసేపటికి మళ్లీ లేచింది. ఆయన దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఏడాదిగా ఆ చేతులకు పని లేదని నాకు తెలుసు. అవి ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాయని తెలియదు. ఆయన గోడకు ఆనుకుని ఊరికే కూర్చున్నాడనుకుని ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

"పోనీలే, ఆ నైలాన్‌దే కొందాం. ఎంతసేపైనా ముట్టుకోవచ్చు," అన్నాను.

"ముట్టుకున్నా ఏం చెప్తదది?"

వాన సన్నబడలేదు. బయట వరి మీద చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా ఒప్పందం సంగతి ఏమంటాడోనని అడగడానికి భయమేసింది.

"సముద్రం కాడ గూడ వాన పడ్తదా?" అన్నాడు.

"పడ్తదట. ఇంతకంటే ఎక్కువనే."

"అయితే పడ్డన్ని దినాలు నా చెయ్యి పట్టుకొని కూసో మరి."

నేను సముద్రం దాకా ఆగలేదు. తొడ కింద నుంచి ఆ చెయ్యి లాగి పట్టుకున్నాను.