లీటరు సీసా, రెండు కుళాయిలు

సైన్సు మాస్టారికి లోకంలో ఒకే ఒక్క ప్రశ్న తెలుసు: ఎంత? అందుకే పిల్లలు ఆయనకు ‘ఎంత మాస్టారు’ అని పేరు పెట్టారు. జ్వరంగా ఉంది, ఇంటికి వెళ్తామంటే ఎంత జ్వరమనేవారు. చాలా ఉందంటే వినేవారు కాదు, థర్మామీటరు తీసేవారు. ఆయన భార్యకు చాలా పాటలొచ్చని పెళ్లికి ముందు ఎవరో అంటే ఎన్నని అడిగారనీ, ఆవిడ “పదమూడున్నర” అన్న క్షణమే మనసు పారేసుకున్నారనీ బళ్లో చెప్పుకునేవారు.

ఆ ఏడు పర్యావరణ ప్రదర్శనకు ప్రాజెక్టు ఎంచుకోబోయి, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఆ ప్రశ్నకు అడ్డంగా దొరికిపోయింది. వాళ్లింట్లో మూడు నెలల చంటి తమ్ముడున్నాడు. బడి నుంచి వెళ్లగానే వాణ్ణి ఎత్తుకోవాలి, వాడి గుడ్డలు ఉతకాలి, మళ్లీ ఎత్తుకోవాలి. క్లాసులో ఆవలించీ ఆవలించీ ఆమె పేరే ‘ఆవలింత’ అయిపోయింది. కాదని పోట్లాడే ఓపిక కూడా ఆమెకు లేదు.

మొదటి రోజు గాలి కాలుష్యం మీద చేస్తానంది. ఎంత అన్నారు మాస్టారు. తెలియదంది. మర్నాడు ప్లాస్టిక్ చెత్తంది. మళ్లీ ఎంత అన్నారు. అడవులు నరికేస్తున్నారంటే, ఇక్కణ్ణుంచి అడవి ఎంత దూరమన్నారు. అయిదో రోజుకు భూమి వేడెక్కడం దాకా వెళ్లి, అక్కడా చుక్కెదురై, ఆమె స్టాఫ్‌రూమ్ గుమ్మానికి జారగిలబడింది.

“ఇక నావల్ల కాదు మాస్టారూ. చేతులు కడుక్కునే చోట రెండు కుళాయిలు కారుతున్నాయి. వాటి మీద రాస్తాను.”

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. “ఎంత కారుతున్నాయి?”

ఆమె ఏడవబోయింది. ఆయన మాత్రం ఒక లీటరు సీసా, తన చేతి గడియారం ఆమె చేతిలో పెట్టి పంపారు.

ఒక్కో కుళాయి కింద సీసా నిండడానికి ఆరు నిమిషాలు పట్టింది. సుమారుగా ఆరు అని రాస్తే, సుమారు అంటే ఎంతని వెనక్కి పంపారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పది రోజులు కొలిపించారు. ఒళ్లు మండినా, చంటివాణ్ణి చంకనెత్తుకోకుండా కూర్చునే పని దొరికినందుకు ఆమె కొంత సంతోషించింది కూడా.

ఆ కొలతలు పూర్తయిన వారంలోనే బడి ట్యాంకు మధ్యాహ్నానికల్లా ఖాళీ అవడం మొదలైంది. గదులు తుడుస్తూ ఆయా నీళ్లన్నీ పారబోస్తోందని, సోమవారం నుంచి పనిలోకి రావద్దని హెడ్‌మిస్ట్రెస్ చెప్పేశారు. ఆయా ఖాళీ బకెట్టు పట్టుకుని వరండాలో నిలబడిపోయింది. మాస్టారు అది చూసి, ఆవలింతను వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచారు.

“ఆయా ఎంత పారబోసిందండీ?”

“చాలా, మాస్టారూ.”

ఆయన ఆవలింత వైపు చూశారు. ఆమె వస్తున్న ఆవలింతను మింగేసి నోట్‌బుక్ తెరిచింది. ఒక్కో కుళాయి నుంచి గంటకు పది లీటర్లు. రెండూ కలిసి రోజుకు నాలుగు వందల ఎనభై. ట్యాంకు పట్టేది వెయ్యి. ఆయా తుడవడానికి వాడేది నాలుగు బకెట్లు, అంటే అరవై. అంకెలన్నీ పొల్లుపోకుండా చదివింది.

హెడ్‌మిస్ట్రెస్ ఆ పేజీని రెండుసార్లు చూసుకున్నారు. సాయంత్రానికి ప్లంబరు వచ్చి కుళాయిలు బాగుచేశాడు. సోమవారం ఆయా పనిలోకి వచ్చింది. ప్రదర్శనలో ఆవలింతకు మూడో బహుమతి వచ్చింది.

అయినా ఆమెకు అక్కసు తీరలేదు. మాస్టారు తన ప్రాణం తోడేశారని ఆయా దగ్గర వాపోయింది.

“నీకు పది రోజులేగా తల్లీ,” అంది ఆయా. “నా సబ్బునైతే నెల్లాళ్లు తూచారు.”

అంతకు ముందు ఏడాది చేతులు కడుక్కునే చోట సబ్బులు తొందరగా అయిపోతున్నాయని, ఆయాయే ఇంటికి పట్టుకుపోతోందని పుకారు లేచిందట. మాస్టారు రోజూ పొద్దున్నే లేబొరేటరీ త్రాసు తెచ్చి సబ్బును తూచేవారట. నీళ్లు నిలిచిన సబ్బు పెట్టెలో అది రోజుకు ఎనిమిది గ్రాములు కరిగిపోతోందని తేల్చి, మేకు కాల్చి పెట్టెకు తనే చిల్లులు పెట్టారట.

“అందరూ నోటికొచ్చినట్టు అనేస్తారమ్మా. ఆయనొక్కరే అడుగుతారు.”

తడి సబ్బు త్రాసులో నిలిచేదా అని ఆవలింత మెల్లగా అడిగింది.

“ఎక్కడ నిలుస్తుంది? జారి బల్ల కిందికి పోయేది. ఆయన దాని వెనకే దూరేవారు,” అంది ఆయా. చాలా రోజుల తర్వాత ఆవలింత కడుపు పట్టుకుని నవ్వింది.