సగం రంగు

వర్ధన్నపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ముఖానికి ఒకవైపే రంగుంది. నాటకాలాడే మనిషని తెలుస్తూనే ఉంది.

"కడుక్కోలేదేం, కాకా?" అన్నాను.

"ఏసుకున్న రంగు ఆట ఆడకుంట కడుగొద్దు. మా రివాజు. నేను రంగేసుకుంటాంటే, గుంజెక్కి లైట్లు కట్టేటాయన కింద పడ్డడు. దవాఖానకు తీస్కపోయిన్రు. వేరేటోన్ని పెట్టి ఆట నడిపియ్యుమన్నరు, ఆట పెట్టిచ్చినోళ్లు. ఆ లైట్లాయన గుడ మా కళాకారుల సంఘంల మెంబరే. అందరం ఆట బంద్ పెట్టినం."

"మరి ఈ రంగు?"

"ఆయన లేచి లైటేస్తె ఆడుత. అప్పుడే కడుగుత."

బస్సంతా చూస్తుండగా దవాఖాన దగ్గర దిగి లోపలికి నడిచాడు.

ఆ రంగు ఎప్పుడు కడిగాడో నాకు తెలియదు. ఇప్పటికీ నాటకానికి వెళితే, తెర లేవకముందే లైట్లు వేసే మనిషి ఎక్కడున్నాడో చూసుకుంటాను.