సైలెన్సరు ఊడదీసిన ఏడాది

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఎండాకాలంలో, మా చిన్నాయన పటాలం వదిలేసి మోటారు సైకిల్ మీద ఇంటికొచ్చాడు. కర్నూలు నుంచి పత్తికొండ పోయే దారికి కాస్త లోపలగా ఉండేది మా ఊరు. అంతకుముందు అక్కడ ఎవరికీ అలాంటి బండి లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వాళ్ళు అమ్మేసిన పాత బండ్లలో అదొకటి. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని చేలదారులన్నీ తిప్పేవాడు. గాలికి కళ్ళలో నీళ్ళు కారుతుంటే ఊళ్ళో నా అంత గొప్పది ఇంకెవరూ లేరనిపించేది.

వచ్చిన కొన్నాళ్ళకే దాని సైలెన్సరు తుప్పుపట్టి చిల్లులు పడింది. కర్నూలులో బండ్లు బాగుచేసే ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి తీసుకుపోతూ నన్ను కూడా వెంట పెట్టుకుని పోయాడు. అలాంటి సైలెన్సరే కావాలంటే మద్రాసు నుంచి తెప్పించాలని, అంతవరకు ఆగలేకపోతే ఉత్త ఇనుప గొట్టం అతికిస్తానని మిస్త్రీ చెప్పాడు. చిన్నాయన గొట్టమే పెట్టమన్నాడు. శబ్దాన్ని అణిచే డబ్బా ఏదీ లేకుండా, ఇంజను నోటి నుంచి వెనక చక్రం దాకా తిన్నగా పోయే గొట్టం అది. బిగించడం అయిపోయాక మిస్త్రీ చెయ్యి తుడుచుకుంటూ, "ఊర్లో మెల్లగా పోనీ బేటా, ఇది శానా అరుస్తాది" అన్నాడు. చిన్నాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ గొట్టంతో చిన్నాయన ఒక విద్య కనిపెట్టాడు. హ్యాండిలు మీదుండే, ఇంజనులో నిప్పురవ్వ రగిలే వేళను మార్చే చిన్న మీటను వెనక్కి జరిపి, పెట్రోలు పెంచే పిడిని ఒక్కసారి వదిలి తిప్పితే, గొట్టంలోంచి తుపాకీ పేలినట్టు మోత వచ్చేది. మా వీధికి రెండు పక్కలా నాపరాతి గోడలు. ఆ గోడల మధ్య మోత ఇంకా పెద్దదయ్యేది. కోళ్ళు ఎగిరిపోయేవి. ముసలివాళ్ళు తిట్టేవాళ్ళు. నాకు మాత్రం అది పండగ. ఇంకొకసారి, ఇంకొకసారి అని చిన్నాయన మోచేయి పట్టుకుని గుంజేదాన్ని.

మా పక్కింటి అక్కకు అంతకు రెండేళ్ళ కిందట ఆత్మకూరు దగ్గర పల్లెకు ఇచ్చి పెళ్ళి చేశారు. నాకు తల దువ్వి జడ వేసింది, గచ్చకాయలు ఆడటం నేర్పింది ఆ అక్కే. తొలి కాన్పుకు పుట్టింటికి వస్తోందని వారం ముందు నుంచే వాళ్ళింట్లో అలికి ముగ్గులు పెట్టారు. వాళ్ళ నాయన, అంటే మేమంతా పెదనాయన అని పిలిచే మనిషి, బస్సు దిగే చోటికి స్వయంగా ఎద్దులబండి కట్టుకుని పోయాడు.

ఆ పొద్దు మేము చేను నుంచి తిరిగి వస్తున్నాము. వీధి మలుపు దగ్గరకు రాగానే నేను అలవాటుగా, "గట్టిగా కొట్టు చిన్నాయనా, అక్క వచ్చింటాది, వింటాది" అన్నాను. చిన్నాయన మీట జరిపాడు. గొట్టంలోంచి మోత పేలింది. అక్క నిజంగానే వచ్చింది. గోడకు అవతల, మాకు కనపడకుండా, పది అడుగుల దూరంలో వాళ్ళ బండి ఉంది. ఎద్దులు బెదిరి పక్కకు లాగేశాయి. చక్రం అరుగు రాయి ఎక్కి బండి తిరగబడింది. మేము మలుపు తిరిగేసరికి ఒక చక్రం ఇంకా గాలిలో తిరుగుతోంది. పెదనాయన దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని కూతురి తల ఎత్తుతున్నాడు.

అక్క బతికింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల అని మా అమ్మ మా అవ్వతో చెబుతుంటే విన్నాను.

మరునాడు మా నాయన, చిన్నాయన కలిసి వాళ్ళింటికి పోయారు. నేను వెనకాలే పోయి గుంజ చాటున నిలబడ్డాను. పెదనాయన అరవలేదు. తల వంచుకునే, "ఎందుకట్ల కొడితివప్పా?" అని అడిగాడు. నా పేరు వస్తుందనుకున్నాను. చిన్నాయన నా వైపు చూడను కూడా చూడలేదు.

"నా కొవ్వు అన్నా. ఇంకేం లేదు" అన్నాడు.

"నీ కొవ్వు నా మనవరాలిని తినేసె" అన్నాడు పెదనాయన.

మోటారు సైకిల్‌ని చిన్నాయన కొట్టంలోకి తోసి గోనెపట్టా కప్పేశాడు. మూడు వారాలకు బస్సులో కర్నూలు పోయి, వేరే బండికి వాడిన సైలెన్సరొకటి గోనెలో చుట్టుకుని వచ్చాడు. పాత మరలు కదలకపోతే కిరసనాయిలు పోసి ఒక రోజంతా నానబెట్టాడు. గొట్టం ఊడదీసి, ఇంజను నోటిని తీగ కుంచెతో తోమి, కొత్త రాగి వాషరు పెట్టాడు. సైలెన్సరు తగిలించే చోటు కుదరలేదు. ఇనుపపట్టీ ఒకటి కోసి, బెజ్జం వేసి, దాన్ని ఆసరాగా బిగించాడు. ఇంజను నడిపి, అతుకు దగ్గర తడి చెయ్యి అడ్డం పెట్టి గాలి తగులుతోందేమో చూశాడు. బండి వేడెక్కి చల్లారేదాకా కూర్చుని, ప్రతి మరనూ మళ్ళీ తిప్పి చూశాడు. "కాగి చల్లారినాక వదులైతాయి పాపా. ఒక్కసారి బిగిస్తే చాలదు" అన్నాడు. ఆ రోజంతా నాతో మాట్లాడింది అంతే.

నాకు అన్నం సయించలేదు. మౌనంగా పని చేసుకునే చిన్నాయనను చూస్తే ఇంకా భయమేసేది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక పక్కింటికి పోయాను. అక్క చాప మీద గోడకు ఆనుకుని ఉంది. పాలు ఆగడానికి గుడ్డతో గట్టిగా కట్టు కట్టారు. గట్టిగా కొట్టమని అడిగింది నేనేనని చెప్పేశాను.

"మీ చిన్నాయన ఆ మాట యాడా చెప్పలేదే" అంది. "నువ్వు చిన్నపిల్లవు పాపా. నాకు నీ మింద కోపం లేదు. కానీ ఈ పొద్దు నా దగ్గర కూచోవాకు. నేను చూడలేను. ఇంటికి పో" అంది.

ఏడుస్తూ వచ్చి చిన్నాయనకు చెప్పాను. చేతిలో పానా కింద పెట్టాడు. "నువ్వు అడిగితివి, నిజమే. కొట్టకుండా ఉండాల్సింది నేను గదా. ఆ తెలివి ఉండాల్సింది నాకు" అన్నాడు. నా తల మీద చెయ్యి వేయబోయి, మసి ఉందని వెనక్కి తీసుకున్నాడు.

ఆ తరువాత నెలకొకసారి సైలెన్సరు విప్పి, సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి, లోపలి మసి గీకేవాడు. బండి ఎంత మెత్తగా పలికినా ఊరి మొదట్లోనే ఇంజను ఆపి దిగి, చివరి ఇల్లు దాటేదాకా చేత్తో తోసుకుంటూ పోయేవాడు. ఎండలో అలా తోసుకుపోతుంటే ఒకరోజు పెదనాయనే ఎదురొచ్చి, "ఎక్కి పోరాదా అప్పా, చూడలేకపోతాండా" అన్నాడు. "నీ కూతురు ఇంట్లో ఉండాది అన్నా, వింటాది" అన్నాడు చిన్నాయన. అక్క అత్తగారింటికి తిరిగి వెళ్ళిపోయాక కూడా ఆ అలవాటు మానలేదు. నన్ను మళ్ళీ ట్యాంకు మీద ఎక్కించుకోలేదు. నేనూ అడగలేదు.

వెళ్ళే ముందు అక్క గోడ మీదుగా నన్ను పిలిచి, చెనిక్కాయలు ఒలవడానికి పక్కన కూర్చోబెట్టుకుంది. తరువాతి ఏళ్ళలో ఆమెకు ఇద్దరు కొడుకులు పుట్టారు. ఆడపిల్ల పుట్టలేదు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. చిన్నాయన నా తప్పును ఎవరికీ కనపడకుండా తన తప్పులో కలిపేసుకున్నాడు. అక్క దాన్ని తప్పు కాదని అనలేదు, క్షమించాననీ అనలేదు. కోపం లేదని మాత్రం చెప్పి, తన దుఃఖాన్ని దాచుకోకుండా నన్ను పంపేసింది. రెండూ దయేనని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నా పిల్లలు, మనవలు ఏదైనా పాడుచేసి బిక్కచచ్చి నిలబడినప్పుడు చిన్నాయనలా అడ్డం నిలబడాలని చూస్తాను. వాళ్ళు నిజం చెప్పాక మాత్రం, అక్కలాగే, ఏమీ కాలేదులే అని అబద్ధం చెప్పను.