పదికి పది

ఇదివరకు శనివారం సాయంత్రం ఆ ఇంట్లో అన్నాలు ఏడింటికల్లా అయిపోయేవి. ఏడున్నరకి టీవీలో డాన్సు పోటీ. ఇప్పుడు టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు వడ్డించుకుంటున్నారు. ఇంటాయన, దర్జీ, పోయి రెండు నెలలైంది.

ఆ పోటీకి ఇంట్లో ఒక పందెం ఉండేది. జడ్జీలు మార్కులు చెప్పకముందే అందరూ వేళ్ళెత్తి చూపాలి. ఎవరి అంచనా బాగా తప్పితే ఆ పూట అంట్లు వాళ్ళవి. దర్జీ మాత్రం, ఆడేవాళ్ళు కాలుజారి పడ్డా సరే, పది వేళ్ళూ ఎత్తేవాడు. వారం వారం ఆయనే ఓడేవాడు. "మీ తమ్ముడికి గుడ్డ కొలవడమే వచ్చు వదినా, ఆట కొలవడం రాదు" అని భార్య ఆడపడుచు ముందు దెప్పేది. ఆయన నవ్వుకుంటూ చొక్కా చేతులు మడిచి అంట్ల దగ్గరికి పోయేవాడు.

చివరి వారం గుండె పట్టేసినట్టుందన్నాడు. ఆమె టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"పందెం పందెమే. సాకులు చెప్పకండి."

ఆయన తోమాడు. మూడోనాటికి మనిషి లేడు. తానన్న ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈ శనివారం పక్కింటావిడ వచ్చింది. మీ మనవరాలు మా కిటికీ బయట నిలబడి టీవీ చూస్తోంది, లోపలికి రమ్మంటే రాదు అంది. దర్జీ భార్యకి తల కొట్టేసినట్టయింది. పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, దుప్పటి తనే లాగేసింది. కొడుకూ కోడలూ చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చున్నారు.

ఒక బక్కపిల్ల ఆడింది. మనవరాలు ఏడు వేళ్ళెత్తింది. జడ్జీలూ ఏడే వేశారు. నీకెలా తెలిసిందే అని అడిగింది ఆమె.

"తాతయ్య నేర్పాడు నానమ్మా. సరైనది నా చెవిలో చెప్పి, అప్పుడు పది ఎత్తేవాడు. పొద్దుట్నుంచీ నువ్వు నిలబడే ఉంటావట. నీకు తెలిస్తే ఓడనివ్వవట."

ఆమెకి మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, ఎవరివైపూ చూడకుండా చెప్పింది.

"ఆ రోజు గుండె పట్టేసిందన్నారు. నేను సాకన్నాను."

కొడుకు టీవీ గొంతు తగ్గించాడు. తనని ఒక మాట అని ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

పోటీ అయ్యాక కోడలు అంట్ల కోసం లేవబోయింది. ఎంగిలి గిన్నె ఉంచి ఏనాడూ పడుకోని అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ అమ్మా. ఇన్నాళ్ళూ ఆయన కూర్చోబెడితే, కూర్చోబెట్టారని తెలియకుండానే కూర్చున్నాను. ఇవాళ తెలిసి కూర్చుంటాను."

తొట్టిలో గిన్నెలు అలాగే ఉన్నాయి.