మీసాలు లేని చేప

చేప కుట్టగానే నా స్నేహితుడు కేక పెట్టాడు. ఆ కేక పూర్తికాకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. కుడిచేతి చూపుడు వేలిని ఎడమ పిడికిట్లో బిగించి, మోకాళ్లలోతు నీళ్లలోంచి రాళ్ల మీదికి ఎక్కుతూ అరిచాడు.

"మంట లేస్తున్నదన్నా! మస్తు మంట లేస్తున్నది!"

వేలి పక్కన సూది మొనంత ఎర్రటి చుక్క. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా నవ్వు ఆగడం లేదు. మాకు కొంచెం అవతల గాలం వేసుకుని కూర్చున్న బహ్రెయినీ పెద్దాయన అతన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. విషపు ముల్లు దిగి ఇంత సంబరపడే మనిషిని ఆయన చూసి ఉండడు. ఆ వేలికి ఎండాకాలం మొదట్నుంచీ నొప్పి తెలియదని ఆయనకు ఎలా తెలుస్తుంది?

నా స్నేహితుడిది ఇనుము కట్టే పని. స్లాబు పోసేముందు చువ్వలను పరిచి, సన్నని తీగతో ఒకదానికొకటి బిగించి కడతారు. తీగను మెలితిప్పడానికి కొక్కెం ఉంటుంది గానీ, చువ్వ కింది నుంచి వచ్చే తీగ కొసను అందుకోవాల్సింది వేళ్లే. సైటులో అతని చేతివేగం చూడటానికి మిగతావాళ్లు పని ఆపి నిలబడేవాళ్లు. క్రేను దించుతున్న చువ్వల కట్ట జారి, ఒక కొస అతని మణికట్టును కోసింది. ఆసుపత్రిలో తెగిన నరాన్ని కలిపి కుట్టారు. గాయం మానింది, వేళ్లు ఆడాయి. కానీ చూపుడు వేలికీ నడిమి వేలికీ స్పర్శ రాలేదు. ఒకసారి బహ్రెయిన్‌లో మేముండే లేబర్ క్యాంపు వంటగదిలో వేడి గిన్నె పట్టుకుని, చర్మం కమిలిన వాసన వచ్చాక గానీ వదల్లేదు.

"నరం మెల్లగా పెరుగుతుంది. స్పర్శ రావచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు డాక్టరు. అప్పటిదాకా కంపెనీ అతన్ని స్టోరులో నా పక్కన కూర్చోబెట్టింది. నేను అక్కడ పనివాళ్ల హాజరు రాసే టైంకీపర్ని. అంతకుముందు ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఒక పత్రిక జిల్లా పేజీలకు వార్తలు రాసి పంపేవాణ్ని. వచ్చే ఆసుపత్రి పరీక్ష తర్వాత అతన్ని తిరిగి ఇనుము పనికి తీసుకోవడమో, ఇంటికి పంపడమో తేలుస్తామని కంపెనీవాళ్లు చెప్పారు.

"ఇనుము కట్టుడు తప్ప నాకేమొస్తదన్నా? గీ స్టోరుల కూసుంటె, నా చెయ్యి నాది గానట్టున్నది" అనేవాడు.

ఆ ఏడాది వేడి తగ్గి, పొద్దున పూట గాలిలో కాస్త చల్లదనం మొదలైనప్పుడు అతనికి గోదావరి గుర్తొచ్చింది. అతని ఊరు నది ఒడ్డునే. వానలు వెనకపట్టి నీళ్లు తేటపడ్డాక, అక్కడ కొందరు ఎర్రలు గుచ్చకుండా చేపలు పడతారట. గాలానికి ఈకముక్కో రంగుదారమో పురుగులా కట్టి, పారే నీళ్ల మీద వదులుతారట.

"ఈడ నది యాడున్నది తమ్మీ?" అన్నాను.

"మన వాగు లేదా?"

మామీర్ దాటి సిత్రా దీవి వైపు వెళితే కనిపించే సముద్రపు పాయను మా క్యాంపులోని తెలంగాణవాళ్లు వాగు అంటారు. ఆటుపోట్లకు అందులో నీళ్లు నిజంగా వాగులాగే పారుతాయి. శుక్రవారం పొద్దున ఒక మలయాళీ భాయ్ దగ్గర రెండు గాలపుకర్రలు అడిగి తీసుకుని వెళ్లాం.

అతను చాలాసేపు గాలం వెయ్యనే లేదు. రాళ్లకు పట్టిన ఆకుపచ్చ నాచును చేపల చిన్న చిన్న నోళ్లు కొరకడం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి సైటులో పరంజాకు కట్టే ఆకుపచ్చ వల ముక్క ఒకటి తీసి, దారాలు లాగి గాలానికి చుట్టడం మొదలుపెట్టాడు. దారం వేలి కింద ఉందో జారిందో అతనికి తెలియడం లేదు. ప్రతి చుట్టుకూ కళ్లతో చూసుకోవాలి.

"ఇటియ్యి, నేను కడత."

"జరుగన్నా. నువ్వు ఖుబూస్ ముద్దలు చేసుకో పో."

చివరి ముడి పళ్లతో బిగించాడు. నీళ్లలో పడ్డాక అది అచ్చం నాచు పోగులాగే ఊగింది. నేను ఎరగా గుచ్చిన ఖుబూస్ రొట్టె ముద్దలను చేపలు తిని పోయాయి గానీ గాలానికి పడలేదు. అతని దారం వెంట కొన్ని వచ్చి, వాసన చూసినట్టు ఆగి, వెనక్కి తిరిగిపోయాయి. ఇంతలో పాయలో నీళ్లు నిలిచిపోయాయి. కాసేపటికి ఎదురు దిక్కుకు కదిలాయి.

"అన్నా, వాగు ఎనుకకు పోతున్నదే!"

పోటు మొదలైంది. అతను కర్ర పట్టుకుని మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, అటునుంచి ఇటు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు పడింది చేప. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, కుందేలు నోరులాంటి నోరు.

గోదావరి ఒడ్డున ఒక లెక్క ఉందట. మీసాలున్న జెల్ల కుడుతుంది, మీసాలు లేనిదాన్ని ధైర్యంగా పట్టుకోవచ్చు. అతను నోటి దగ్గర చూశాడు, మీసాలు లేవు. నదిలో పట్టినట్టే వీపు మీది నుంచి చెయ్యి వేసి గట్టిగా పట్టాడు.

కేక విని పెద్దాయన లేచి వచ్చాడు. "సాఫీ! సాఫీ! హాథ్ నహీ లగానా!" అని ఆ చేప పేరు చెప్పి, దాన్ని చేత్తో ముట్టొద్దంటూ తన ఫ్లాస్కులోని వేడినీళ్లు డబ్బాలో పోశాడు. ఈ విషానికి వేడే మందట. అతని వేలు కాలినా తెలియదు కాబట్టి ముందు నా వేలు ముంచి చూసి, ఓర్చుకోగలిగేంత చల్లారాక అతని వేలు పెట్టించాను.

"ఏం తెలుస్తున్నది? నొప్పా, వేడా? కొసకా, కణుపు దగ్గరనా?"

"అగో, పేపరోళ్ల లెక్క షురూ జేసినవ్! జర ఆగు." కళ్లు మూసుకున్నాడు. "నొప్పి ఖాయం. వేడి గూడ కొద్దిగ తెలుస్తున్నట్టే ఉన్నది. మనసుకు గట్లనిపిస్తున్నదో ఏమో."

పెద్దాయన కత్తెరతో చేప ముళ్లన్నీ కత్తిరించి, సంచిలో వేసి అతని చేతికిచ్చాడు. "గోదారిల శాపలకు మర్యాదుంటది, చెప్పి కుడ్తయి" అని అతను తెలుగులో చెబితే, ఏం అర్థమైందో గానీ పెద్దాయన కూడా నవ్వాడు.

సాయంత్రం క్యాంపులో చింతపండు పులుసు పెట్టాం. "కుట్టినదాన్నే తింటున్నవా?" అని గదిలోవాళ్లు ఆటపట్టించారు. "పగ దీర్సుకుంటున్న" అన్నాడు, వాచిన వేలిని అందరికీ చూపిస్తూ. ఆ వారమంతా స్టోరులో ఖాళీ దొరికితే కళ్లు మూసుకుని తీగముక్కను ఆ వేలి మీద దొర్లించుకునేవాడు.

ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. డాక్టరు అతన్ని కళ్లు మూసుకోమని పిన్నుతో గుచ్చి చూశాడు. చూపుడు వేలికి గుచ్చినప్పుడల్లా "హా" అన్నాడు. సన్నని దూదిపోగు తాకిస్తే మాత్రం ఒకసారి తెలిసిందన్నాడు, ఒకసారి తెలియలేదన్నాడు. నొప్పి తిరిగి రావడం మంచి గుర్తేనని, తీగను గుర్తుపట్టేంత స్పర్శ రావడం వేరే సంగతని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక మెట్ల మీదే ఆగి, "సగం వచ్చిందన్నా. సగం వచ్చింది మిగిలిన సగం రాదా?" అన్నాడు.

రిపోర్టు కంపెనీకి చేరింది. అతన్ని ఇనుము పనికి పంపుతారా, ఇంటికి పంపుతారా అన్నది ఇంకా చెప్పలేదు. నడిమి వేలికి ఇప్పటికీ ఏమీ తెలియదు.